మస్కట్ తెలిసిన పల్లెలకు సముద్రం తెలియదు
తెరచాప శిక్షణతో నౌకాయాన కొలువులకు దారి పడేనా? జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల యువత ముందున్న ప్రశ్న

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల: గుజరాత్‌లోని పోర్‌బందర్ రేవు నుంచి 2025 డిసెంబరు 29న ఒక ఓడ బయలుదేరింది. దానికి ఇంజిను లేదు. పలకలను బిగించే ఇనుప మేకు ఒక్కటీ లేదు. కొబ్బరి పీచు తాళ్లతో చెక్కలను కుట్టి, చతురస్రాకారపు తెరచాపలు ఎత్తి, వెనుకవైపు పెద్ద తెడ్లతో దిశ మార్చుకొంటూ అది అరేబియా సముద్రాన్ని దాటింది. అజంతా గుహల్లోని అయిదో శతాబ్దపు చిత్రాన్ని ఆధారంగా చేసుకొని నిర్మించిన ఆ నౌక పేరు ఐఎన్‌ఎస్‌వీ కౌండిన్య. 2026 జనవరి 14న అది చేరిన రేవు మస్కట్.

మస్కట్ అనే మాట జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల ప్రాంతాల్లో వినని ఇల్లు అరుదు. ‘దుబాయి, బొంబాయి, బొగ్గుబాయి’ అని ఉత్తర తెలంగాణ వలస బతుకును మూడు ముక్కల్లో చెప్పుకొన్న నేల ఇది. కంపెనీ వీసాకూ ఆజాద్ వీసాకూ భేదమేమిటో, విజిట్ వీసాపై వెళ్లి ఖల్లివల్లిగా మిగిలితే ఏమవుతుందో ఇక్కడి పదో తరగతి పిల్లవాడికి సైతం తెలుసు. ఎడారి ఇంతగా తెలిసిన పల్లెలకు, ఆ ఎడారిని ఆనుకొని ఉన్న సముద్రం మాత్రం విమానం కిటికీలోంచి కనిపించే నీలి చార మాత్రమే. ఆ సముద్రంపై నడిచే సరకు నౌకల్లో, చమురు ఓడల్లో లక్షల మందికి కొలువులున్నాయనీ, ప్రపంచ నావికుల్లో భారతీయులు దాదాపు పదోవంతు ఉన్నారనీ, వారిలో మన జిల్లాలవారు వేళ్ల మీద లెక్కించదగినంతగా కూడా కానరారనీ ఇక్కడ చర్చకు వచ్చిన సందర్భాలు తక్కువ.

ఈ నేపథ్యంలో ఐరోపా దేశాల్లో, మన నౌకాదళంలో దశాబ్దాలుగా అమలులో ఉన్న ఒక పద్ధతిని పరిశీలించవలసి ఉన్నది. యువతను ముందుగా తెరచాప ఓడ ఎక్కించి, గాలితోనూ నీటితోనూ పరిచయం కలిగించి, ఆ తరువాత నౌకాయాన వృత్తివైపు మళ్లించడం ఆ పద్ధతి. సముద్రం లేని జిల్లాల్లో ఇది సాధ్యమా, సాధ్యమైతే ఎవరికి మేలు అన్నదే ప్రశ్న.

కోటిలింగాల నుంచి మోటుపల్లి దాకా

సముద్రానికి దూరంగా ఉన్నవారికి ఓడలతో పనేమిటన్న వాదనకు చరిత్రలో బలం లేదు. జగిత్యాల జిల్లా వెల్గటూర్ మండలంలో గోదావరి ఒడ్డున ఉన్న కోటిలింగాల శాతవాహనుల తొలినాటి స్థావరాల్లో ఒకటి. ఆ వంశ మూలపురుషుడుగా చెప్పే చిముకుని నాణేలు అక్కడ లభించాయి. పెద్దవాగు గోదావరిలో కలిసే చోట వెలసిన ఆ పట్టణపు భూమిలో కొంత నేడు ఎల్లంపల్లి జలాశయపు నీటి కింద ఉన్నది. అదే వంశానికి చెందిన యజ్ఞశ్రీ శాతకర్ణి కాలానికి, అనగా క్రీస్తుశకం రెండో శతాబ్ది చివరికి, శాతవాహనుల నాణేలపై రెండు తెరచాప స్తంభాల ఓడ బొమ్మ కనిపిస్తుంది. గోదావరి గట్టున మొదలైన పాలన తూర్పు తీరానికి చేరి, ఓడను తన గుర్తుగా ముద్రించుకొన్నది.

కాకతీయుల ఉదంతం మరింత ఆసక్తికరం. ఓరుగల్లు కోటలో కూర్చున్న గణపతిదేవుడు 1244-45 ప్రాంతంలో మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించాడు. అంతకు పూర్వపు పాలకులు తుపానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల సరకంతటినీ స్వాధీనం చేసుకొనేవారు. ఆ అలవాటును మాన్పించి, నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని సముద్ర వర్తకులకు ఆయన మాట ఇచ్చాడు. ఓడ మునిగితే నావికుడికి కలిగే నష్టమేమిటో తీరానికి ఎంతో దూరాన ఉన్న రాజు ఆలోచించడం చిన్న సంగతి కాదు. మార్కోపోలో తన యాత్రా వృత్తాంతంలో ముత్‌ఫిలి అని ప్రస్తావించినది ఈ రేవునే.

ఆ తరువాతి శతాబ్దాల్లో తెలుగువారి ఓడ పని తీరానికే పరిమితమైంది. గోదావరి ముఖద్వారాన ఉన్న కోరంగి రేవులో ఓడలు కట్టేవారు, మరమ్మతు చేసేవారు. అక్కడి నుంచి బర్మా వెళ్లిన తెలుగు కూలీలందరికీ ‘కోరంగీలు’ అన్న పేరే స్థిరపడింది. 1789లోనూ 1839లోనూ వచ్చిన ఉప్పెనలు ఆ రేవును తుడిచిపెట్టాయి. ‘సైక్లోన్’ అన్న ఆంగ్ల పదాన్ని రూపొందించిన హెన్రీ పిడింగ్టన్ తన రచనల్లో కోరంగి ఉప్పెనలను వర్ణించాడు. ఇక ఎగువ గోదావరిలో రాతి అడ్డంకులను దాటించి పడవలు నడపాలన్న ఆర్థర్ కాటన్ పథకం 1871లో ఆగిపోయింది. నదీమార్గాన సముద్రాన్ని చేరే అవకాశం ఈ ప్రాంతానికి అక్కడితో మూసుకుపోయింది.

ఆవిరి యుగంలో తెరచాప ఎందుకు?

నేటి సరకు నౌకను నడిపేది డీజిల్ ఇంజిను, ఉపగ్రహ దిక్సూచి, కంప్యూటర్ తెర. అటువంటి ఉద్యోగానికి తెరచాప విద్య ఎందుకన్న సందేహం సహజం. పాత కాలపు అభిమానంతోనే ఈ పద్ధతిని కొనసాగిస్తున్నారని కొట్టిపారేసేవారూ ఉన్నారు. వాస్తవం వేరు.

ఇంజిను ఓడలో కొత్తవాడికి సముద్రం పూర్తిగా అర్థం కాదు. గాలి ఏ వైపు తిరిగింది, అల ఏ పక్క నుంచి తగులుతోంది అన్నవి ఇనుప గోడల వెనుక ఉన్నవాడికి వెంటనే తెలియవు. తెరచాప ఓడలో అవి తెలియకపోతే ఓడ కదలదు. అంతకుమించిన సంగతి మరొకటి ఉన్నది. మోకు లాగడానికి పది మంది కావాలి. అర్ధరాత్రి కాపలా వంతు వచ్చినప్పుడు లేవాలి. వాంతులవుతున్నా పని ఆగదు. వారం రోజుల్లోనే ఆ కుర్రవాడికి తాను ఈ బతుకుకు తగినవాడా కాదా అన్నది తేలిపోతుంది. లక్షల రూపాయల రుసుము చెల్లించి, కోర్సు పూర్తిచేసి, తొలి ఓడలో ఆరు నెలలు తిరిగాక ‘నావల్ల కాదు’ అని తెలుసుకోవడం కంటే ఇది చవక. తెరచాప శిక్షణకు ఉన్న అసలు విలువ ఇదే అనిపిస్తుంది. ధైర్యం, నాయకత్వం వంటి మాటలు ప్రచార పత్రాలకు శోభ చేకూర్చవచ్చు గానీ, ఇంటి పెద్దకు పనికివచ్చేది ఈ లెక్కే.

డెన్మార్క్‌లో 1933లో నిర్మించిన ‘డెన్మార్క్’ అనే మూడు స్తంభాల ఓడపై నేటికీ వాణిజ్య నౌకల్లో చేరదలచిన యువతీయువకులకు తొలి శిక్షణ ఇస్తున్నారు. పోలెండ్‌లోని గ్డీనియా నౌకా విశ్వవిద్యాలయానికి ‘దార్ మ్లోజియెజి’ అనే తెరచాప ఓడ 1982 నుంచి ఉన్నది. 1956లో ఇంగ్లండ్‌లోని టోర్బే నుంచి లిస్బన్ దాకా ఇటువంటి ఓడలన్నీ కలిసి సాగించిన పందెం నేటి టాల్ షిప్స్ రేసులకు నాంది. పాల్గొనే ప్రతి ఓడలోనూ సిబ్బందిలో సగం మంది 15 నుంచి 25 ఏళ్లలోపు వారై ఉండాలన్నది అక్కడి నియమం.

ఇందులో ప్రమాదం లేదనలేం. జర్మనీ శిక్షణ ఓడ ‘పామిర్’ 1957 సెప్టెంబరులో అట్లాంటిక్ తుపానులో చిక్కి మునిగినప్పుడు ఓడలో ఉన్న 86 మందిలో ఆరుగురే బతికారు. మరణించినవారిలో చాలామంది శిక్షణ పొందుతున్న బాలురే. శిక్షణ ఓడపై సరకు రవాణా చేయరాదన్న అభిప్రాయం ఆ దుర్ఘటన తరువాతే బలపడింది.

మన దేశంలో ఈ బాధ్యతను ప్రధానంగా నౌకాదళం వహిస్తోంది. గోవా షిప్‌యార్డ్ నిర్మించిన ఐఎన్‌ఎస్ తరంగిణి 1997 నవంబరులో దళంలో చేరి, 2003-04లో ప్రపంచాన్ని చుట్టివచ్చింది. దాని తోబుట్టువు ఐఎన్‌ఎస్ సుదర్శిని 2012 జనవరిలో చేరింది. నౌకాదళ యువ అధికారులు ఇంజిను గదిలోకి వెళ్లకముందే ఈ ఓడల స్తంభాలు ఎక్కుతారు. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి బయలుదేరి 2018 మే 21న తిరిగివచ్చిన ఐఎన్‌ఎస్‌వీ తారిణి పరిక్రమ తెలుగువారికి మరింత దగ్గరిది. 21,600 నాటికల్ మైళ్లు, 254 రోజులు సాగిన ఆ యాత్రలో పాల్గొన్న ఆరుగురు మహిళా అధికారుల్లో హైదరాబాద్‌కు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య, విశాఖకు చెందిన పాతర్లపల్లి స్వాతి ఉన్నారు. ఇద్దరు తెలుగు ఆడపిల్లలు చిన్న తెరచాప పడవలో కేప్ హార్న్ చుట్టి వచ్చారన్న వార్త నాడు పత్రికల్లో వచ్చింది. అయితే ఆ దారిలో వెళ్లాలంటే ఎక్కడ మొదలుపెట్టాలన్నది మన జిల్లాల పాఠశాలలకు ఎవరూ చెప్పలేదు.

హుస్సేన్‌సాగర్ నేర్పుతున్న పాఠం

సమాధానం కొంతవరకు హైదరాబాద్‌లోనే ఉన్నది. హుస్సేన్‌సాగర్‌లో సైన్యానికి చెందిన ఈఎంఈ సెయిలింగ్ అసోసియేషన్ దశాబ్దాలుగా పోటీలు నిర్వహిస్తోంది. సుహేం షేక్ స్థాపించిన యాచ్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ నగరంలోని బస్తీల పిల్లలను, పేద కుటుంబాల బాలబాలికలను పడవ ఎక్కిస్తోంది. సంపన్నుల వినోదమని ముద్రపడిన క్రీడలో అట్టడుగు ఇళ్ల పిల్లలు జాతీయ పోటీల్లో పతకాలు గెలవడం ఈ పదిహేనేళ్లలో జరిగిన మార్పు. ఈ క్లబ్‌లో ఎదిగిన కొంగర ప్రీతి, సుధాన్షు శేఖర్‌తో కలిసి 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో 470 మిశ్రమ విభాగంలో భారత్ తరఫున పోటీపడ్డారు. అదే క్రీడల్లో బాలికల విభాగంలో రజతం గెలిచిన నేహా ఠాకూర్ శిక్షణ పొందింది భోపాల్ చెరువులో. భోపాల్‌కూ సముద్రం లేదు.

పిల్లలు మొదట ఎక్కేది ఆప్టిమిస్ట్ అనే పడవ. 1947లో అమెరికాలోని ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ రూపొందించిన ఈ పడవ పొడవు రెండున్నర మీటర్ల లోపే. స్తంభం ఒకటి, చాప ఒకటి, పిల్లవాడు ఒకడు. పదిహేనేళ్లు నిండేవరకు ఇందులో పోటీపడవచ్చు. గాలికి ఎదురుగా నేరుగా ఏ పడవా పోలేదనీ, వంకర టింకరగా మలుపులు తీసుకొంటూనే గాలికి ఎదురు వెళ్లాలనీ పిల్లవాడు తొలి వారంలోనే గ్రహిస్తాడు. నల్లబల్లపై బలాల సమాంతర చతుర్భుజం గీసి చెప్పే భౌతికశాస్త్ర పాఠం ఇక్కడ చేతిలోని తాడు ద్వారా అర్థమవుతుంది.

అయినా ఒక సంగతి స్పష్టంగా చెప్పుకోవాలి. చెరువులో గెలిచిన పతకం వాణిజ్య నౌకలో ఉద్యోగాన్ని నేరుగా తెచ్చిపెట్టదు. సైన్యం, నౌకాదళం క్రీడాకారులను తీసుకొంటాయి. దేశంలో పేరున్న సెయిలర్లలో అధికులు ఆ దళాల్లోనే ఉన్నారు. కానీ మర్చంట్ నేవీలో ప్రవేశానికి వేరే నిచ్చెన ఉన్నది. తెరచాప ఆ నిచ్చెన దాకా నడిపించే బాట మాత్రమే. ఈ భేదాన్ని దాచి శిబిరాలు పెడితే తల్లిదండ్రులను మోసగించినట్లే అవుతుంది.

నీరు ఉన్నది, గాలి ఎప్పుడు?

ఇరవయ్యేళ్ల క్రితం సిరిసిల్లలో పడవ మాట ఎత్తితే నవ్వేవారు. మానేరు ఎండి, సాంచెలు ఆగి, నేతన్నల ఆత్మహత్యలతో ఆ పట్టణం వార్తల్లోకెక్కిన రోజులవి. నేడు మాన్వాడ వద్ద 25 టీఎంసీలకు పైబడిన సామర్థ్యంతో మధ్యమానేరు, అనగా శ్రీ రాజరాజేశ్వర జలాశయం విస్తరించి ఉన్నది. ఇల్లంతకుంట మండలంలో అనంతగిరి జలాశయం ఉన్నది. గంభీరావుపేట మండలం నర్మాల వద్ద నిజాం కాలపు ఎగువ మానేరు ఉండనే ఉన్నది. జగిత్యాల జిల్లాకు ఉత్తరాన గోదావరి, ధర్మపురి రేవు, ఎల్లంపల్లి వెనుక జలాలు ఉన్నాయి. విశాలమైన నీటి పరపు కొరత ఇక లేదు.

చిక్కు గాలితో వస్తుంది. దక్కను పీఠభూమిపై తెరచాపకు అనువైన గట్టి గాలులు నైరుతి రుతుపవనాల ఆరంభంలో, జూన్, జూలై మాసాల్లో వీస్తాయి. హైదరాబాద్ పోటీలు వానాకాలంలో జరగడానికి కారణం అదే. మన జలాశయాలు మాత్రం అప్పటికి వేసవి వాడకంతో అడుగంటి ఉంటాయి. అవి నిండేది ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో. అప్పటికి గాలి మెత్తబడుతుంది. ఎత్తిపోతల నీటిపైనా పూర్తి భరోసా పెట్టుకోలేమని 2023 అక్టోబరులో మేడిగడ్డ బ్యారేజీ పియర్లు కుంగిన తరువాత అందరికీ తెలిసివచ్చింది. కనుక పెద్ద పోటీల కేంద్రం కంటే, అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు మెత్తటి గాలిలో తొలి పాఠాలు నేర్పే శిబిరానికే ఈ జలాశయాలు తగినవి. కొత్తవారికి మెత్తటి గాలే మేలు కూడా.

నీటిపై ఇప్పటికే హక్కున్నవారు ఉన్నారు. గంగపుత్ర, ముదిరాజ్ మత్స్యకార సహకార సంఘాల వలలు జలాశయమంతా పరచుకొని ఉంటాయి. వారితో మాట్లాడకుండా పడవ దించితే తొలిరోజే వల తెగుతుంది, గొడవ మొదలవుతుంది. నిజానికి తెప్ప మీద తెల్లవారుజామున గాలి పోకడ చూసి వల వేసే ఆ సంఘాల యువకులే ఈ శిక్షణకు మొదటి అర్హులు. ఈత వచ్చినవారు వారు, నీటికి జంకనివారు వారు. వారి తరువాత మధ్యమానేరు కింద ఊళ్లు కోల్పోయిన ముంపు గ్రామాల పిల్లలు. తమ పొలం ఉన్న చోట నీరు నిలిచినప్పుడు, ఆ నీటి వల్ల ఏదో ఒక ఉపాధి తమకూ దక్కాలని వారు కోరడంలో తప్పు లేదు. పర్యాటక శాఖ మోటారు పడవల కంటే ఇంధనం వాడని తెరచాప పడవ తాగునీరు తీసుకొనే జలాశయానికి హాని చేయదన్నదీ గమనించదగినది.

తల్లిదండ్రుల భయాన్ని తేలిగ్గా తీసుకోరాదు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు వద్ద పర్యాటక పడవ మునిగి యాభై మంది దాకా ప్రాణాలు కోల్పోయారు. వారిలో వరంగల్ ప్రాంతవాసులూ ఉన్నారు. ఆ దృశ్యాలు చూసిన తల్లి తన కొడుకును నీటి దగ్గరకు పంపడానికి సంకోచిస్తుంది. ఈత పరీక్ష, ప్రతి పిల్లవాడికీ లైఫ్ జాకెట్, శిక్షణ పడవల వెంట రక్షణ పడవ, అనుభవమున్న శిక్షకుడు లేకుండా ఒక్క పడవ కూడా నీటిలో దించరాదు. ఈ ఏర్పాట్లకు అయ్యే ఖర్చు పడవల ధర కంటే తక్కువేమీ కాదు. ప్రారంభోత్సవం నాడు కొనుగోలు చేసిన పడవలు మరుసటి ఏడు ఒడ్డున ఎండకు పగిలిపోయే ఆనవాయితీ మనకు కొత్త కాదు.

ఇక్కడ సిరిసిల్లకు సంబంధించిన ఒక ముచ్చట. ఒకనాడు నూలుతోనూ జనపనారతోనూ నేసిన తెరచాపలను నేడు పాలిస్టర్‌తో నేస్తున్నారు. సిరిసిల్ల సాంచెలపై నడిచేదీ అధికంగా పాలిస్టరే. అయితే బతుకమ్మ చీర నేత వేరు, గాలి బిగువును సాగకుండా తట్టుకొనే చాప నేత వేరు. ఆ మగ్గం, ఆ పూత, ఆ పరీక్షలు ఇక్కడ లేవు. ప్రభుత్వ చీరల ఆర్డర్ వస్తే పని, రాకుంటే పస్తు అన్న స్థితిలో ఉన్న ఆసాములకు ఇటువంటి సాంకేతిక వస్త్రాల మాట ఎవరైనా చెప్పారా అన్నది వేరే చర్చ.

నిచ్చెన మెట్లు, పాముల పడగలు

వాణిజ్య నౌకల్లో రెండు శ్రేణులుంటాయి. ఒకటి అధికారులది, మరొకటి రేటింగ్స్ అని పిలిచే కళాసీలది. పదో తరగతిలో గణితం, సైన్స్, ఇంగ్లిష్ చదివి కనీసం 40 శాతం మార్కులు, ఇంగ్లిష్‌లో విడిగా 40 శాతం తెచ్చుకొన్నవారు జనరల్ పర్పస్ రేటింగ్ అనే ఆరు నెలల కోర్సుకు యత్నించవచ్చు. వయసు సాధారణంగా పదిహేడున్నర నుంచి 25 ఏళ్ల మధ్య ఉండాలి. ఇంటర్మీడియట్‌లో ఎంపీసీ చదివి 60 శాతం సాధించినవారికి ఇండియన్ మారిటైం యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష ద్వారా నాటికల్ సైన్స్, మెరైన్ ఇంజినీరింగ్ కోర్సులు ఉన్నాయి. 2008లో చెన్నై ప్రధాన కేంద్రంగా ఏర్పడిన ఈ కేంద్రీయ విశ్వవిద్యాలయానికి విశాఖపట్నంలో ప్రాంగణం ఉన్నది. మెకానికల్ ఇంజినీరింగ్ పట్టభద్రులకు మెరైన్ ఇంజినీర్‌గా మారే ప్రత్యేక కోర్సు ఉన్నది. కొండగట్టు సమీపంలోని నాచుపల్లి జేఎన్‌టీయూ కళాశాలలో మెకానికల్ చదివే విద్యార్థుల్లో ఎందరికి ఈ సంగతి తెలుసో అనుమానమే.

అవసరం ఉన్నదా అంటే ఉన్నది. అంతర్జాతీయ నౌకా సంస్థలు 2021లో వెలువరించిన నివేదిక అప్పటికే 26,240 మంది అధికారుల కొరత ఉన్నదనీ, 2026 నాటికి అదనంగా 89,510 మంది కావలసి ఉంటుందనీ అంచనా వేసింది. అయితే ఆ కొరత అధికారుల శ్రేణిలో. కళాసీల శ్రేణిలో మన దేశం నుంచి శిక్షణ పొందినవారు ఉద్యోగాల కంటే ఎక్కువగా ఉండటం వల్ల, ఆరు నెలల కోర్సు పూర్తిచేసి తొలి ఓడ కోసం నెలలు, ఒక్కోసారి ఏళ్ల తరబడి ముంబయి కార్యాలయాల చుట్టూ తిరిగేవారు తక్కువ కాదు. దళారులు వల విసిరేది సరిగ్గా ఇక్కడే.

గల్ఫ్ ఏజెంటుకూ ఓడ ఏజెంటుకూ మాటతీరు ఒక్కటే. నిబంధనలు మాత్రం వేరు. ఓడ ఉద్యోగం ఇప్పించే సంస్థకు డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ జారీచేసే ఆర్‌పీఎస్ఎల్ అనే లైసెన్సు ఉండాలి. నావికుడికి ఇండోస్ నంబరు, సీడీసీ అనే నావిక గుర్తింపు పుస్తకం ఉండాలి. ఉద్యోగం కల్పించినందుకు నావికుడి వద్ద రుసుము వసూలు చేయడం చట్టవిరుద్ధం. లైసెన్సున్న సంస్థల జాబితాను డైరెక్టరేట్ తన వెబ్‌సైట్‌లో అందరికీ అందుబాటులో ఉంచుతుంది. ‘రెండు లక్షలు ఇస్తే సీడీసీ, ఓడ రెండూ ఖాయం’ అన్నవాడి పేరు ఆ జాబితాలో ఉండదు. లైసెన్సు లేని ఏజెంటు ఎక్కించిన ఓడలో జీతం ఆగినా, ప్రాణం పోయినా కుటుంబానికి పరిహారం రాబట్టడం మిక్కిలి కష్టం.

యజమాని చేతులెత్తేసి ఓడనూ సిబ్బందినీ నడిసంద్రంలో వదిలేయడం ఇటీవల పెరిగింది. అంతర్జాతీయ రవాణా కార్మికుల సమాఖ్య లెక్కల ప్రకారం 2024లో 300కు పైగా ఓడల్లో 3,000 మందికి పైగా నావికులు ఇలా దిక్కులేనివారయ్యారు. వారిలో భారతీయులదే ప్రథమ స్థానం. అటువంటి ఉదంతాలు అధికంగా నమోదైనది యూఏఈ తీరంలో. అనగా జగిత్యాల యువకుడు లేబర్ క్యాంపులో పాస్‌పోర్టు పోగొట్టుకొని పడే పాట్లు, ఒడ్డుకు కొద్ది దూరంలో లంగరు వేసిన ఓడలోనూ పొంచి ఉన్నాయి. ఎర్ర సముద్రంలో 2023 చివర మొదలైన క్షిపణి దాడుల్లో నావికులు మరణించిన సంగతీ మరవరానిది. 1958 నాటి చట్టం స్థానంలో పార్లమెంటు 2025లో తెచ్చిన కొత్త మర్చంట్ షిప్పింగ్ చట్టం నావికుల రక్షణను ప్రస్తావించింది. అమలు ఎలా ఉంటుందో చూడవలసి ఉన్నది.

ఇన్ని ముళ్లున్నా, అధికారి శ్రేణిలో చేరినవాడి జీతభత్యాలతో గల్ఫ్‌లో సిమెంటు మోసేవాడి సంపాదనకు పోలిక లేదు. ఇక్కడి యువత ఎడారికి వెళ్లడానికి చేసే అప్పుకూ, నౌకా కోర్సుకు అయ్యే ఖర్చుకూ మధ్య అంతరం కొంతమేర బ్యాంకు రుణంతో పూడ్చగలిగినదే. లోపమంతా సమాచారంలో, ఇంగ్లిష్‌లో, ఇంటర్ గణితంలో ఉన్నది.

ఎవరు పూనుకోవాలి?

2014 మే 25న నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన పదమూడేళ్ల మాలావత్ పూర్ణ ఎవరెస్ట్ ఎక్కినప్పుడు ఆమె వెనుక ఉన్నది సాంఘిక సంక్షేమ గురుకుల విద్యాలయ సంస్థ. మంచు చూడని పిల్లను మంచుకొండ ఎక్కించిన సంస్థకు, సముద్రం చూడని పిల్లలను పడవ ఎక్కించడం అసాధ్యమేమీ కాదు. మధ్యమానేరుకు చేరువలో ఉన్న గురుకులాల నుంచి ఈత వచ్చిన ఇరవై, ముప్పై మందిని ఎంపిక చేసి, హుస్సేన్‌సాగర్‌లో శిక్షణ పొందిన యువ సెయిలర్లనే శిక్షకులుగా రప్పిస్తే తొలి శిబిరానికి పెద్ద హంగు అవసరం లేదు. ఎన్‌సీసీలో నౌకా విభాగం ఉన్నది. దాని క్యాడెట్లకు తెడ్లు, తెరచాపలతో నడిచే వేలర్ పడవలపై శిక్షణ ఇస్తారు. మన కళాశాలల్లో కనిపించేది మాత్రం సైనిక విభాగమే.

విదేశీ కొలువులకు పంపే టామ్‌కామ్ వంటి ప్రభుత్వ సంస్థ, జిల్లా ఉపాధి కార్యాలయాలు తమ అవగాహన సదస్సుల్లో ఇండోస్, సీడీసీ, ఆర్‌పీఎస్ఎల్ అన్న మూడు మాటలను తెలుగులో వివరించే కరపత్రం పంచినా దళారుల గిరాకీ తగ్గుతుంది. భివండీ మరమగ్గాల్లో తరాలుగా పనిచేస్తున్న సిరిసిల్ల కుటుంబాలు ముంబయి, నవా శేవా ఓడరేవులకు కూతవేటు దూరంలోనే కాపురముంటున్నాయి. నౌకా శాఖ ప్రధాన కార్యాలయం, అనేక శిక్షణ సంస్థలు ఉన్నది ఆ నగరంలోనే. అక్కడ పెరిగిన తమ పిల్లలకు ఈ అవకాశం చెప్పడానికి పద్మశాలి సంఘాలకు శిబిరాలతో కూడా పనిలేదు.

వీటన్నిటికీ ముందు చేయవలసిన పని ఒకటి ఉన్నది. డెక్ విభాగంలో చేరేవారికి కళ్లద్దాలు లేని నిండు చూపు ఉండాలి. రంగులను పోల్చుకోలేని వర్ణాంధత ఉన్నవారిని అధికారిగా గానీ డెక్ కళాసీగా గానీ తీసుకోరు. రాత్రివేళ ఎదురుగా వచ్చే ఓడ ఎడమవైపు ఎరుపు, కుడివైపు ఆకుపచ్చ దీపాలను చూసే అది ఎటు పోతున్నదో నిర్ణయించుకోవాలి కనుక ఈ నిబంధనకు సడలింపు లేదు. తమకు ఆ లోపం ఉన్నదని చాలామందికి కోర్సుకు డబ్బు కట్టి వైద్య పరీక్షకు వెళ్లినప్పుడే తెలుస్తోంది. చుక్కల పటాల పుస్తకం ముందుంచి చదివించే ఆ పరీక్షకు పట్టేది అయిదు నిమిషాలు. జగిత్యాలలో గానీ సిరిసిల్లలో గానీ కంటి వైద్యుని వద్ద అది పూర్తవుతుంది.